రోజూ జేబులో ఉంచుకోవడానికి ఒక మడత చాకు కావాలి, ఏది తీసుకోవాలి?

గోడౌన్_డ్యూటీ
నాది గోడౌన్ పని. రోజుకి ముప్పై నలభై అట్టపెట్టెలు విప్పాలి, ప్లాస్టిక్ పట్టీలు కోయాలి, నైలాన్ తాడు ముక్కలు చేయాలి, అప్పుడప్పుడు వైరు పైతొక్క తీయాలి. తీరిక దొరికితే పండు కోసుకోవడానికీ అదే చాకు. ఇన్నాళ్ళూ చేతికందిన కత్తెరతోనో తాళంచెవితోనో లాగించాను. పోయిన నెల మొదటిసారి ఒక మడత చాకు కొన్నాను. చూడ్డానికి భలే ఉంది. నల్లటి పూత, మందమైన బ్లేడు, బొటనవేలితో తోస్తే టక్కుమని తెరుచుకుంటుంది. బరువు 210 గ్రాములు.

వారం తిరక్కుండానే విసుగొచ్చింది. జేబు కిందికి లాగేస్తోంది, కూర్చుంటే తొడకి ఒత్తుకుంటోంది. అట్టని కోయడం లేదు, చించుతోంది. అన్నిటికంటే బాధ ఏమిటంటే, దాన్ని తెరవగానే పక్కనున్నవాళ్ళు ఒక అడుగు వెనక్కి వేస్తున్నారు. రోజూ కలిసి పనిచేసే మనుషులు నన్ను చూసి జంకడం నాకు నచ్చలేదు.

మళ్ళీ తప్పు చేయదలచుకోలేదు. బ్లేడు పొడవు ఎంత ఉండాలి, లాక్ కావాలా వద్దా, ఏ స్టీల్ మంచిది? స్టీల్ పేర్లు చదువుతుంటే తల తిరుగుతోంది. రోజూ వాడేవాళ్ళు చెప్పండి.

సానరాయి
బ్లేడు వెన్ను దగ్గర మందం ఎంతో కొలిచి చెప్తారా? మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

గోడౌన్_డ్యూటీ
స్కేలు పెట్టి చూశాను. 4 మిల్లీమీటర్లు.

సానరాయి
అనుకున్నాను. అట్ట చిరగడానికి కారణం అదే. మనం పదును అనేది వాదర దగ్గర, అంటే కోసే అంచు దగ్గర మాత్రమే ఉంటుంది. వాదర లోపలికి దిగాక మిగతా బ్లేడు కూడా దాని వెనకే దిగాలి కదా. వెన్ను అంత మందంగా ఉంటే అట్టను రెండు పక్కలకీ నెడుతుంది. వాదర కోసేలోపే అట్ట చీలిపోతుంది. గొడ్డలి కట్టెను చీల్చేది ఇలాగే. గొడ్డలికి అది మంచి గుణం, జేబులో చాకుకి కాదు.

ఓపినెల్ నంబర్ 8 ఎప్పుడైనా చేతిలోకి తీసుకుని చూడండి. చెక్క పిడి, 8.5 సెంటీమీటర్ల బ్లేడు, వెన్ను మందం 2 మిల్లీమీటర్లు కూడా ఉండదు. మొత్తం బరువు 45 గ్రాముల దరిదాపు. ఫ్రాన్స్‌లోని సావోయ్ ప్రాంతంలో జోసెఫ్ ఓపినెల్ 1890లో మొదలుపెట్టిన చాకు అది. ఇన్నేళ్ళయినా ఆకారం పెద్దగా మారలేదు. అట్టలోకి అది దిగే తీరు చూస్తే మీ 210 గ్రాముల చాకు పెట్టెలోకి వెళ్ళిపోతుంది. స్టీల్ పేరు కంటే ముందు చూడాల్సింది బ్లేడు ఎంత పలచన అన్నదే. ఈ మాట ఎన్నిసార్లు చెప్పమన్నా చెప్తాను.

తడిచేయి
ఓపినెల్ పిడి చెక్కది. తడి తగిలితే ఉబ్బుతుంది, బ్లేడు బిగుసుకుపోతుంది. నాది ఒకసారి వర్షంలో తడిసింది, మర్నాటి దాకా తెరుచుకోలేదు.

సానరాయి
నిజమే, ఆ గుణం ఉంది. పిడి వెనక కొనను బల్ల అంచుకి మెల్లగా తడితే బ్లేడు కొంచెం బయటికి వస్తుంది, అప్పుడు పట్టుకుని లాగొచ్చు. ఇరుసు చుట్టూ ఉన్న చెక్కకి కాస్త మైనం పట్టిస్తే చాలావరకు తగ్గుతుంది. అయినా రోజూ తడిలో పనిచేసేవాళ్ళకి నేను దాన్ని సిఫారసు చేయను.

వైరింగ్_పని
ఆయన లాక్ గురించి అడిగాడు, దానికి ఎవరూ జవాబు చెప్పలేదు. నేను చెప్తాను, ఎందుకంటే నా చూపుడువేలికి నాలుగు కుట్లు పడ్డాయి.

అప్పట్లో నాది లాక్ లేని చాకు. స్ప్రింగు బద్ద ఒత్తిడి మీదే బ్లేడు నిలబడే రకం. గోడలో పెట్టె చుట్టూ గట్టిపడిన సిమెంటును మొనతో పొడిచి తీస్తున్నాను. మొన జారింది, బ్లేడు వెనక్కి మడుచుకుని నా వేలి మీదే పడింది. ఎముక దాకా వెళ్ళలేదు, అంతవరకు అదృష్టం. రెండు వారాలు ఆ చేత్తో స్క్రూడ్రైవర్ పట్టుకోలేకపోయాను. అప్పట్నుంచి లాక్ లేని చాకు ముట్టుకోలేదు. కొత్తవాళ్ళెవరైనా అడిగితే ముందు లాక్ ఉన్నది తీసుకోమంటాను.

సానరాయి
మీ వేలికి అలా జరిగినందుకు నిజంగా బాధగా ఉంది. కానీ ఆ పని చాకుది కాదండి. సిమెంటు పొడవడానికి ఉలి ఉంది, పాత స్క్రూడ్రైవర్ ఉంది. చాకుని కోసే దిశలోనే నడిపితే ఒత్తిడి ఎప్పుడూ బ్లేడుని తెరిచే వైపే పడుతుంది. అది మడుచుకునే అవకాశమే రాదు.

వైరింగ్_పని
పుస్తకంలో అయితే అంతే. నిచ్చెన మీద నిలబడి, చెమట కారుతూ, ఒక చేత్తో వైరు పట్టుకుని ఉన్నప్పుడు మనిషి చేతిలో ఏముంటే దానితోనే పొడుస్తాడు. ఆ ఒక్క క్షణానికే లాక్ కావాలి.

ఆలోచించి_కొను
ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. కానీ వైరింగ్ గారూ, లాక్ ఉంది కదా అని ధైర్యం చేయడం కూడా ప్రమాదమే. నేను పోగొట్టుకున్న నమ్మకం గురించి చెప్తాను. పేరు చెప్పను, తక్కువ ధరలో దొరికిన ఒక లైనర్ లాక్ చాకు. పిడి లోపల పలచటి రేకు ఒకటి పక్కకి జరిగి బ్లేడు మడమ వెనక అడ్డంగా నిలబడుతుంది కదా, ఆ రకం. జేబులోని నూగు ఆ రేకు దారిలో పేరుకుపోయింది. రేకు సగమే జరిగి నిలిచింది, నేను చూసుకోలేదు. గట్టి తాడు మెలిపెట్టి కోస్తుంటే లాక్ జారిపోయింది. కింద గ్లవ్ ఉంది కాబట్టి వేలు బతికింది. అప్పటి నుంచి చాకు తెరవగానే రేకు ఎక్కడిదాకా వచ్చిందో కంటితో చూసుకున్నాకే కోస్తాను. వారానికోసారి బ్రష్‌తో లోపల దులుపుతాను.

ఎడమచేతి_వాటం
లైనర్ లాక్ అంటే నాకు ఇంకో బాధ. ఆ రేకుని కుడిచేతి బొటనవేలు నెట్టేలా పెడతారు. నాది ఎడమచేయి, ప్రతిసారీ వేళ్ళు మెలికలు తిప్పుకోవాలి. జేబుకి తగిలించే క్లిప్పు కూడా చాలావాటికి ఒకవైపే. ఎడమచేతి వాళ్ళకి పిడి వెన్ను మీద నొక్కే బ్యాక్ లాక్ గానీ, బ్లేడు వెనక అడ్డంగా ఒక కడ్డీ నిలిచి, రెండు పక్కలా గుండీలుండే అడ్డకడ్డీ లాక్ గానీ మేలు. రెండిట్లోనూ మూసేటప్పుడు వేలు బ్లేడు దారిలో ఉండదు, ఇది కుడిచేతి వాళ్ళకీ లాభమే.

గోడౌన్_డ్యూటీ
నాది కుడిచేయి, అయినా ఆ చివరి మాట నచ్చింది. ఇప్పుడున్న దాన్ని మూసేటప్పుడు బొటనవేలు సరిగ్గా బ్లేడు కిందే ఉంటోంది, ప్రతిసారీ టెన్షన్.

పాత_సైనికుడు
బ్యాక్ లాక్ అంటే బక్ కంపెనీ చాకు, బక్ 110 గుర్తొస్తుంది. 1964 నాటి డిజైన్. ఇత్తడి, చెక్క, ఎంత గట్టిగా ఉంటుందో మాటల్లో చెప్పలేను. నా దగ్గర ఉన్నది ఇప్పటికీ వదులు కాలేదు.

సానరాయి
అది 200 గ్రాములకు పైనే కదండి. ఆయన బరువు గురించే మొరపెట్టుకుంటున్నారు.

పాత_సైనికుడు
బెల్టుకి ఒరలో పెట్టుకోవాలి. జేబులో పెట్టుకునేది కాదు, ఒప్పుకుంటాను. ఇష్టం కొద్దీ చెప్పాను.

తుప్పు_శత్రువు
స్టీల్ గురించి నేను రాస్తాను, కొంచెం పొడవుగా ఉంటుంది, ఓపిక పట్టండి.

పేర్లు చూసి బెదరకండి. ఏ స్టీల్ అయినా మూడు గుణాల మధ్య బేరమే: పదును ఎంతకాలం నిలుస్తుంది, పెళుసుగా విరగకుండా ఎంత తట్టుకుంటుంది, తుప్పుని ఎంత ఆపుతుంది. ఒకటి పెంచితే మరొకటి తగ్గుతుంది. డీ2 అనే స్టీల్ తీసుకోండి. అందులో కార్బన్ 1.5 శాతం, క్రోమియం 12 శాతం దాకా ఉంటాయి. అంకె చూస్తే స్టెయిన్‌లెస్ అనిపిస్తుంది. కానీ ఆ క్రోమియంలో చాలా భాగం కార్బన్‌తో కలిసి గట్టి రేణువులుగా మారిపోతుంది. తుప్పు ఆపడానికి మిగిలేది తక్కువ. అందుకే డీ2 పదును బాగా నిలుపుకుంటుంది గానీ చెమట జేబులో మచ్చలు పడుతుంది. నా డీ2 చాకుకి ఒక్క ఎండాకాలంలో చుక్కలు చుక్కలుగా వచ్చాయి.

8సీఆర్13ఎంఓవీ అని కనిపిస్తే అది తక్కువ ధర చాకుల్లో వచ్చే స్టీల్. త్వరగా మొద్దుబారుతుంది, అంతే త్వరగా సానకి లొంగుతుంది. తీసిపారేయకండి. 14సీ28ఎన్ నాకు బాగా ఇష్టం. నైట్రోజన్ కలుపుతారు, తుప్పు పట్టడం అరుదు, వాదర సన్నగా తీసినా విరగదు, మామూలు రాయి మీదే పదునెక్కుతుంది. ఎస్30వీ లాంటి పౌడర్ స్టీళ్ళు, అంటే లోహపు పొడిని అదిమి చేసేవి, పదును చాలాకాలం ఉంచుతాయి, కానీ మొద్దుబారాక మామూలు సానరాయి మీద గంటలు పడుతుంది. డైమండ్ పలక కావాలి. తడిలోనే పని అయితే హెచ్1, ఎల్‌సీ200ఎన్ అనే స్టీళ్ళు ఉన్నాయి, వాటికి తుప్పు దాదాపు పట్టదు.

గోడౌన్ గారికి నా సలహా 14సీ28ఎన్.

కార్బన్_ప్రేమ
మామూలు కార్బన్ స్టీల్‌ని ఎందుకు వదిలేశారు? ఓపినెల్‌లో కార్బన్ రకం కూడా వస్తుంది. నాలుగు సార్లు రాయి మీద లాగితే వెంట్రుక తెగుతుంది. పండ్లు కోస్తుంటే బ్లేడు నీలిబూడిద రంగుకి తిరుగుతుంది, ఆ పొర ఏర్పడ్డాక తుప్పు కూడా తగ్గుతుంది. వాడేకొద్దీ ఎవరి చాకు వాళ్ళదిలా మారుతుంది. నా దాన్ని వంద చాకుల్లో పడేసినా గుర్తుపడతాను.

తుప్పు_శత్రువు
కోసిన ప్రతిసారీ తుడిచే మనిషికి అది అద్భుతం. గోడౌన్‌లో నలభయ్యో పెట్టె దగ్గర ఎవరు తుడుస్తారు చెప్పండి.

కార్బన్_ప్రేమ
నేను తుడుస్తాను. ప్యాంటుకే తుడుస్తాను.

అమ్మ_ఇద్దరికి
అసలు ఆయనకి రోజూ నలభై పెట్టెలకి మంచి చాకు ఎందుకు? అట్టలో మట్టి, సున్నపు పొడి లాంటివి కలిసి ఉంటాయి, ముఖ్యంగా పాత కాగితంతో చేసిన అట్టలో. ఎంత మంచి స్టీల్ అయినా అరిగిపోతుంది. నేను ప్యాకింగ్ పనిచేస్తాను. పెట్టెలకి విరిచే బ్లేడు కట్టర్ వాడతాను. మొద్దుబారితే ఒక ముక్క విరిచేస్తే కొత్త మొన వస్తుంది. జపాన్‌లో ఓకాడా యోషియో అనే ఆయన 1956లో దీన్ని కనిపెట్టారు. విరిగిన గాజుముక్క అంచు, గళ్ళుగళ్ళుగా విరిచే చాక్లెట్ బిళ్ళ చూసి ఆలోచన వచ్చిందట. ఆయన కంపెనీ ఓల్ఫా పేరుకి అర్థం కూడా విరిచే బ్లేడు అనే. విరిచిన ముక్కల్ని మాత్రం మూతున్న డబ్బాలో వేయాలి, చెత్తలో ఊరికే పడేస్తే ఎత్తేవాళ్ళ చేతులు తెగుతాయి.

గోడౌన్_డ్యూటీ
ఒకే చాకు అనుకున్నాను అమ్మా, కానీ మీరు చెప్పింది నిజమే అనిపిస్తోంది.

సానరాయి
నేనూ ఒప్పుకుంటున్నాను. పెట్టెలు కట్టర్‌కి వదిలేస్తే చాకు పదును వారాల తరబడి ఉంటుంది.

నిదానమే_ప్రధానం
పక్కవాళ్ళు వెనక్కి జరిగారన్న మాట దగ్గర ఎవరూ ఆగలేదు. నాకు అదే పెద్ద విషయం. చాకు తెరిచే తీరులో సగం ఉంది. టక్కుమనే చప్పుడుతో, ఒంటిచేత్తో విసిరినట్టు తెరిస్తే ఎవరికైనా గుండె జారుతుంది. పక్కకి తిరిగి, రెండు చేతులతో మెల్లగా తెరవండి. నల్లపూత వద్దు. వెండి రంగు బ్లేడు, ఎర్ర పిడి ఉంటే అది పనిముట్టులాగే కనిపిస్తుంది. స్విస్ కంపెనీ విక్టోరినాక్స్ ఎర్ర చాకుని చూసి భయపడిన మనిషిని నేను చూడలేదు. మా ఆఫీసులో పార్సిల్ వస్తే జనమే నా బల్ల దగ్గరికి వచ్చి అడుగుతారు.

ఇంకొకటి. ఎవరికైనా ఇచ్చేటప్పుడు మూసి ఇవ్వండి, తెరిచి ఇవ్వొద్దు.

తడిచేయి
విక్టోరినాక్స్‌లో 84 మిల్లీమీటర్ల కాడెట్ నా దగ్గర ఉంది. అల్యూమినియం పిడి, తడికి ఏమీ కాదు, 50 గ్రాముల లోపే. జేబులో ఉన్నట్టే తెలియదు. డబ్బా ఓపెనర్ మొనతో చిన్న స్క్రూలు తిప్పొచ్చు. సీసా మూత తీసే దాని అడుగున వైరు తొక్క తీసే గాడి ఉంది, గోడౌన్ గారికి అదీ పనికొస్తుంది.

ఎడమచేతి_వాటం
వాళ్ళ స్టీల్ మెత్తన కదా?

తుప్పు_శత్రువు
మెత్తనే. గట్టిదనం చెప్పే రాక్‌వెల్ కొలతలో 56 దరిదాపు, పౌడర్ స్టీళ్ళు 60 చుట్టూ ఉంటాయి. కానీ బ్లేడు పలచన, సిరామిక్ కడ్డీ మీద పదిసార్లు లాగితే తిరిగి పదును వస్తుంది. కార్ల్ ఎల్సెనర్ 1884లో పెట్టిన కార్ఖానా అది. 1891లో స్విస్ సైన్యానికి మొదటి చాకులిచ్చారు. దండులో సైనికుడు తనే సాన పట్టుకోవాలి కదా, అలాంటి వాడకానికి మెత్తటి స్టీలే నయం.

వైరింగ్_పని
కాడెట్‌కి లాక్ లేదు. చెప్పాల్సింది చెప్పాను.

చట్టం_చూసుకో
పొడవు గురించి ఒక మాట. ఎక్కడుంటే అక్కడి చట్టం చూసుకుని కొనండి. బ్రిటన్‌లో 3 అంగుళాల లోపు వాదర, లాక్ లేని మడత చాకు అయితే కారణం చూపక్కర్లేదు. లాక్ ఉంటే పని లాంటి సరైన కారణం చూపగలగాలి. విమానంలో చేతి సంచిలో ఉంటే తీసేసుకుంటారు. అమెరికాలో 2013లో 6 సెంటీమీటర్ల లోపు చిన్న చాకులకి అనుమతిస్తామని ప్రకటించి, విమాన సిబ్బంది అభ్యంతరాలతో మూడు నెలలకే ఆ ఆలోచన మానుకున్నారు. ప్రయాణం ముందురోజే జేబులు వెతుక్కోండి. మా నాన్న ఇచ్చిన చాకు నేను అలాగే పోగొట్టుకున్నాను. ఇప్పటికీ గుర్తొస్తే కడుపులో మెలిపెట్టినట్టు ఉంటుంది.

పాత_సైనికుడు
అయ్యో. అలాంటిది మళ్ళీ దొరికేది కాదు.

ఆలోచించి_కొను
పొడవు ఎంత అని మొదట్లోనే అడిగారు. నా అనుభవంలో 7 సెంటీమీటర్లు చాలు. రోజూ వచ్చే పనుల్లో అంతకంటే పొడవు అక్కరకొచ్చింది చాలా తక్కువ. మొన కూడా చూడండి. తాడు, పట్టీలు కోసే మనిషికి వాదర తిన్నగా ఉండి, వెన్ను ముందుకి వంగి కలిసే షీప్స్‌ఫుట్ ఆకారం మంచిది. పట్టీ కింద దూర్చి పైకి లాగినా లోపలి సరుకుకి మొన గుచ్చుకోదు. మందమైన నైలాన్‌కి రంపపు పళ్ళు బాగా పనిచేస్తాయి, కానీ వాటికి సాన పట్టడం కష్టం. సగం పళ్ళు, సగం నున్నటి వాదర ఉన్న రకం మాత్రం వద్దు. చిన్న బ్లేడులో రెండూ సగం సగమే అవుతాయి.

కార్బన్_ప్రేమ
క్లిప్పు మాటేమిటి? జేబు అడుగున పడి తాళాలతో కొట్టుకుంటే పిడి పాడవుతుంది.

ఎడమచేతి_వాటం
క్లిప్పు అలవాటు 1981లో స్పైడర్కోతో ఊపందుకుంది. బ్లేడుకి గుండ్రటి రంధ్రం, పిడికి క్లిప్పు. రంధ్రం రెండు పక్కలా ఉంటుంది కాబట్టి ఎడమచేతికీ ఒకటే, నాకు ఆ కంపెనీ మీద ప్రేమ అందుకే. కానీ గోడౌన్ గారి విషయంలో, క్లిప్పు వల్ల చాకు అందరికీ కనబడుతుంది. లోపల జేబుకి పెట్టుకోవడం మేలు.

గోడౌన్_డ్యూటీ
మూడు వారాల తర్వాత వచ్చాను. ముందు అందరికీ ధన్యవాదాలు, మొత్తం రెండుసార్లు చదివాను.

పెట్టెలకి విరిచే బ్లేడు కట్టర్ తెచ్చుకున్నాను. మిగతావాటికి 14సీ28ఎన్ స్టీల్, 7 సెంటీమీటర్ల షీప్స్‌ఫుట్ బ్లేడు, వెన్ను 2.5 మిల్లీమీటర్లు, అడ్డకడ్డీ లాక్ ఉన్న చాకు. బరువు 80 గ్రాములు, ఆకుపచ్చ పిడి. లాక్ ఉండాలని వైరింగ్ గారి వేలు చూసి నిర్ణయించుకున్నాను, మెల్లగా తెరవాలని నిదానం గారి మాట విని. తాడు ఒక్క లాగుకి తెగుతోంది. నిన్న పక్క సెక్షన్ అమ్మాయి వచ్చి ‘అన్నా, మీ చాకు ఒకసారి ఇస్తారా’ అని అడిగింది. మూసి ఇచ్చాను.

ఒక్క సమస్య. మొదటిసారి సాన పట్టాను. కాగితం కోస్తే మడమ నుంచి మధ్య వరకు చక్కగా వెళ్తోంది, మొన దగ్గర ఆగి చిరుగుతోంది. పాత చాకు మీద ప్రాక్టీస్ చేసి మరీ పట్టాను.

వైరింగ్_పని
నా వేలు ఒకరికైనా పనికొచ్చింది. సంతోషం.

సానరాయి
నల్ల మార్కర్‌తో వాదర పొడవునా, రెండు వైపులా రంగు పూయండి. రాయి మీద రెండుసార్లు లాగి చూడండి. నలుపు ఎక్కడ మిగిలితే అక్కడ రాయి తగలడం లేదని అర్థం.

గోడౌన్_డ్యూటీ
మొన వైపు ఒక సెంటీమీటరు నలుపు అలాగే ఉంది. అక్కడ వాదర అంచుకి రాయి తగలడం లేదు, దాని పైభాగం మాత్రం మెరుస్తోంది.

సానరాయి
షీప్స్‌ఫుట్ అయినా మొన దగ్గర వాదర కాస్త పైకి తిరుగుతుంది. అక్కడికి వచ్చేసరికి మీ కోణం తగ్గిపోతోంది. మొన దగ్గర పడేకొద్దీ పిడిని ఒక్క పిసరు పైకి లేపుతూ లాగండి, నలుపు వాదర అంచుదాకా పోవాలి. ఒకవైపు లాగాక రెండోవైపు వేలితో అడ్డంగా తాకితే సన్నటి గరుకు తగలాలి. అది పొడవునా తగిలాకే వైపు మార్చండి. చివర్లో పాత తోలు బెల్టు మీద వెనక్కి నాలుగుసార్లు లాగండి, ఆ గరుకు పోతుంది.

గోడౌన్_డ్యూటీ
గరుకు మొనదాకా వచ్చింది! బెల్టు వెతుకుతున్నాను.